మల్లన్న ఆపలేదు, నా సెల్లులే ఆగాయి

రెండు నెలల కిందట ఇదే పత్రికలో వచ్చిన నా హైదరాబాదు ప్రయాణం చదివి చాలామంది ఫోన్లు చేశారు. ‘మల్లన్న పట్నం ముందు నా కెమెరా కళ్ళు మూసుకుంది’ అన్న వాక్యం దగ్గర ఒళ్ళు జలదరించిందన్నారు. చీరాల నుంచి ఒకాయన ఆ పేజీ కత్తిరించి పూజగదిలో అంటించుకున్నానని చెప్పాడు. అయ్యా, దయచేసి దాన్ని తీసెయ్యండి.

ఆ వ్యాసంలో బస్సు నిజం, తిన్న తిండి నిజం, చూసిన మనుషులు నిజం. కెమెరా ఆగిపోయిన మాటా నిజమే. ఎందుకు ఆగిందన్నది మాత్రం అబద్ధం. ఆ అబద్ధాన్ని కాగితం మీద పెట్టకముందే అక్కడ ఉండగానే నోటితో చెప్పాను. దానివల్ల కొమురయ్య అనే ఒగ్గు పూజారికి తాతల నాటి నుంచి ఉన్న ఒక ఇల్లు పోయింది. ఇల్లంటే ఆయన కాపురమున్న ఇల్లు కాదు. ఆయన్ని పిలిచే ఇల్లు. అలాంటి పనిలో ఉన్నవాళ్ళకు అదే పెద్ద నష్టం.

అందుకని మిమ్మల్ని అదే దారిలో మళ్ళీ తీసుకెళ్తున్నాను. ఈసారి వింతలేమీ లేవు. అచ్చయిన మొదటి ప్రతి ఎల్బీనగర్‌కు, ఆ ఇంటి యజమాని నర్సింహగారి పేరు మీద వెళ్తుంది.

ఎల్బీనగర్

తెనాలిలో ఎక్కిన బస్సు తెల్లారాక ఎల్బీనగర్ కూడలిలో దింపింది. మనవైపు నుంచి వెళ్ళేవాళ్ళకు హైదరాబాదు గడప అదే. తలమీద వంతెన, దాని తలమీద మెట్రో పట్టాలు, అన్నిటికీ కింద సంచులతో మనం. ఆటో అతను చెప్పిన కిరాయితో తెనాలిలో ఊరంతా చుట్టి రావచ్చు. బేరమాడాను.

“ఆంధ్రా బస్సు దిగినోళ్ళందరు గిదే మాటంటరు సారు. ఎక్కుండ్రి, పది తగ్గిచ్చి ఇయ్యుండ్రి” అన్నాడు నవ్వుతూ.

పది తగ్గించినా మోసపోయాననే అనుకున్నాను. అక్కడ ఎవరైనా ఇచ్చే కిరాయి అంతేనని మా చెల్లెలు తర్వాత చెప్పింది. సొంత ఊరు దాటానంటే చాలు, ఎదుటివాడి చెయ్యి నా జేబులో ఉన్నట్టే ఉంటుంది నాకు. ఈ జబ్బును గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

మా చెల్లెలు వరలక్ష్మి, బావగారు అక్కడ నర్సింహగారనే ఆయన ఇంట్లో పైవాటాలో అద్దెకుంటున్నారు. నర్సింహగారిది ఆ చుట్టుపక్కల పాత రైతు కుటుంబం. ఇప్పుడు ప్లాట్లు, ఇళ్ళు కొనీ అమ్మీ పెడుతుంటాడు. “మీ చెల్లె వంటిల్లున్నకాడ మా బర్రెల కొట్టముండె సారు” అన్నది ఆయన నాతో అన్న మొదటి మాట. భూమి పోయి కారు వచ్చినా ఇంటి దేవుణ్ణి మార్చుకోలేదు. ఆ దేవుడు కొమురెల్లి మల్లన్న. మర్నాడే ఇంట్లో మల్లన్న కొలుపు. నేను వెళ్ళిందీ అది చూసి రాయడానికే.

మనవైపు అమ్మవారి సంబరమంటే ఊరంతా గుడికి వెళ్తాం. ఇక్కడ దేవుడి పెళ్ళి ఇంటి వాకిట్లోనే చేస్తారు. చేయించేవాళ్ళు ఒగ్గు పూజారులు. చేతిలో పట్టే చిన్న డమరుకం పేరు ఒగ్గు. అది మోగిస్తూ మల్లన్న కథ పాడతారు. బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఆకుపొడి, మాడ్చిన ఊకపొడితో నేలమీద మంచమంత, ఒక్కోసారి గదంత ముగ్గు వేస్తారు. దాన్నే పట్నమంటారు. మల్లన్నకూ మేడలమ్మకూ దాని మీద పెళ్ళి చేసి, చివరికి అందరూ కలిసి దాన్ని తొక్కుతారు. సగం పూట నడుము వంచి వేసినది కాసేపట్లో మట్టిలో కలిసిపోతుంది. మన ఇళ్ళలో ముగ్గు తొక్కితే అమ్మ కేకలేస్తుంది. అక్కడ తొక్కకపోతే మొక్కు తీరదు.

ఏర్పాట్లు మాట్లాడటానికి ఆ సాయంత్రం కొమురయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి, సన్నటి ఒళ్ళు, నొసటన బండారి. పసుపును వాళ్ళు బండారి అంటారు. నర్సింహగారు నన్ను చూపించి, “తాతా, ఈ సారు పేపర్ల రాస్తడు. నీ పట్నం ఫోటో దీస్తడు” అన్నాడు.

“ఫోన్లు ఒద్దంటి గద పటేలా” అన్నాడు ముసలాయన.

“ఫోను గాదు, కెమెరా. ఫోన్లన్ని గంపల ఏపిస్త. సరేనా?”

ఫోన్ల గొడవ ఏమిటో నర్సింహగారే చెప్పాడు. అంతకు ముందు ఏదో కొలుపులో కొమురయ్య ఆడుతుంటే ఎవడో ఫోన్లో తీసి, దానికి ఏదో డ్యాన్సు పాట తగిలించి పంచిపెట్టాడట. అది చూసి ఆయన మనవలే నవ్వారట. అప్పటి నుంచి ఫోన్లు లేస్తే ఒగ్గు కింద పెట్టేస్తాడు.

కొమురయ్య నా కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశాడు. “సారు, మీరు ఆ పైకెల్లి దీస్తరా?” అని మా చెల్లెలి వరండా పిట్టగోడ చూపించాడు.

“అవునండీ. అక్కడి నుంచి అయితే మొత్తం పడుతుంది.”

“పట్నం ఏస్తనే ముసలోన్నయిన. వంగి ఏసుడు, లేశి తొక్కుడు. పైకెల్లి ఎట్లుంటదో ఎన్నడు సూడలే. జర నాకు సూపెట్టుండ్రి.”

తప్పకుండా చూపిస్తానన్నాను. వాకిట్లో ఉన్న ఫోన్లన్నీ గంపలోకి పోతాయి. ఆయన పట్నం ఆయన కంటికి కనబడాలంటే ఇక నా కెమెరా ఒక్కటే దారి.

దిల్‌సుఖ్‌నగర్

ఆయన వెళ్ళాక సంచి విప్పి చార్జరు కోసం వెతికాను. నా కెమెరా పాతది. దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాగే పొడుగాటి కన్ను ఉంది. నాలుగు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది. నేను వాడేవి మళ్ళీ మళ్ళీ చార్జింగ్ పెట్టుకునే రకం. అవి ఖాళీ అయి ఉన్నాయి. చార్జరు తెనాలిలో ఫ్రిజ్ మీద ఉంది.

మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ బయల్దేరాను. చైతన్యపురిలో కోచింగు పిల్లలు తోసుకుంటూ ఎక్కారు. ఒకమ్మాయి నా మెడలోది చూసి స్నేహితురాలిని మోచేత్తో పొడిచింది.

“అంకుల్, గది డిజీక్యామా? ఎంతకిస్తరు?”

“అమ్మేది కాదమ్మా. అయినా మీ ఫోన్లలో ఇంతకంటే మంచి ఫోటోలు వస్తాయి కదా?”

“ఫోన్ల మస్తు క్లియర్ వస్తది అంకుల్. గందుకే మంచిగుండది.”

“ఇడిసిపెట్టవే, అంకుల్ దాన్ని పసిపిల్ల లెక్క పట్టుకున్నడు” అంది రెండో అమ్మాయి. పెట్టెలో సగం మంది నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ప్రయాణంలో నేను మనస్ఫూర్తిగా నవ్వింది అక్కడే.

దిల్‌సుఖ్‌నగర్‌లో నేలంటూ కనిపించదు. చీరలు, చెప్పులు, చెవి దుద్దులు, ఫోన్ తొడుగులు పరిచిన గోతాలు, వాటి మధ్య మనుషుల కాళ్ళు. పుంటికూర కట్టలు అమ్ముతున్న ఒకావిడను “గోంగూర ఎంతమ్మా” అని అడిగితే, “గోంగూర మా దగ్గర లేదు, పుంటికూరున్నది, గదే దీస్కో” అంది. రెండూ ఒకటే. ఆమెకూ తెలుసు.

ఒక ఎలక్ట్రికల్ దుకాణంలోకి వెళ్ళి పెన్సిల్ సెల్లులు కావాలన్నాను.

“దేనికి సారు? గోడ గడియారానికా, రిమోటుకా?” అన్నాడు దుకాణదారు.

“కెమెరాకు.”

అతను చేతిలోకి తీసుకున్న చవకవి పక్కన పెట్టి ఆల్కలైన్ సెల్లుల అట్ట తీసిచ్చాడు. నేను ధర చూశాను. “మా ఊళ్ళో ఇందులో సగానికి ఇస్తారండీ” అన్నాను. అది నిజం కాదు. మా ఊళ్ళో వాటి ధర ఎంతో నాకు తెలియదు, నేనెప్పుడూ కొనలేదు.

“గట్లయితే అక్కడనే కొనుక్కొని రావాల్సుండె సారు. టికెటు పైసలు గూడ ఎల్లుతుండె” అన్నాడు. పక్కన బల్బు కొంటున్న మనిషి పగలబడి నవ్వాడు.

మాట యాసను బట్టి నన్ను పరాయివాడిగా పోల్చి ధర పెంచాడని అనుమానం. నలుగురిలో నవ్వులపాలు చేశాడని రోషం. బయటికి వచ్చేశాను. నాలుగడుగుల అవతల గోతం మీద అగ్గిపెట్టెల్లా పేర్చిన జింకు సెల్లులు కనిపించాయి. పెద్ద అట్ట మొత్తం కలిపి దుకాణంలో చెప్పినదాంట్లో చిన్న ముక్క కూడా కాదు. కొన్నాను. గెలిచాననుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఏ సెల్లు దేనికి పనికొస్తుందో తెలియక కొన్నానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. మామూలు జింకు సెల్లులో శక్తి లేకపోలేదు. కానీ సన్న మూతి కూజా లాంటిది. ధార నెమ్మదిగా వస్తుంది. గోడ గడియారానికి ఆ చుక్కలు ఏడాది పొడవునా చాలుతాయి. డిజిటల్ కెమెరాకు ఒక్క గుక్కలో చెంబెడు కావాలి: కన్ను ముందుకు జరగాలి, తెర వెలగాలి, ఫ్లాష్ నిండాలి. ఆ గుక్క అందించలేక జింకు సెల్లు బలం పడిపోతుంది, సెల్లు అయిపోయిందనుకుని కెమెరా ఆగిపోతుంది. ఆల్కలైన్ అయితే ఒక ఫంక్షన్ గట్టెక్కిస్తుంది. తరచూ తీసేవాళ్ళకు చార్జింగ్ సెల్లులే మేలు. అంకెల్లో ఓల్టేజి కాస్త తక్కువగా కనిపించినా అడిగినంత వెంటనే ఇస్తాయి. లిథియంవి తేలిక, ఎక్కువ కాలం వస్తాయి, ఖరీదు. పాతవీ కొత్తవీ కలిపి వెయ్యకూడదు. ఇవన్నీ ఏటా నల్లబల్ల మీద రాసేవాణ్ణి.

వెనక్కి వస్తూ మెట్రో మెట్ల మీద ఫోటో తీద్దామని నొక్కాను. కన్ను బయటికి వచ్చింది, కుయ్యిమంది, తెర నల్లబడింది. సెల్లులు తీసి అరచేతుల మధ్య రుద్ది మళ్ళీ వేశాను. ఒకటి తీసింది, ఆగింది. ఇంటి సందులో మళ్ళీ ఆగింది. రేపు పట్నం సమయానికి అట్టలో మిగిలిన కొత్తవి వేస్తే సరిపోతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ మాట నా విద్యార్థి అంటే బెంచీ ఎక్కించేవాణ్ణి.

ఇడ్లీ బండి

కొలుపు నాటి పొద్దున్నే ఇడ్లీ బండి దగ్గర కొమురయ్య కనిపించాడు. తినాలా వద్దా అన్నట్టు దూరంగా నిలబడి ఉన్నాడు. పిలిచాను.

“పట్నమేసేదాంక ఉపాసముండాలె సారు. గాని షుగరున్నది. తినకుండ గోలి ఏస్కుంటె కండ్లు తిరిగి పడతవని దవాఖానల డాక్టరమ్మ తిట్టింది.”

“అయితే తినండి. ఏం కాదు. ఆరోగ్యం ముందు.”

“స్వామికి తెల్వదా నా షుగరు” అన్నాడు, తనకు తాను చెప్పుకున్నట్టు. రెండు ఇడ్లీలు తిని, మాత్ర వేసుకుని, చేతులు కడుక్కుని, ఎవరైనా చూశారా అన్నట్టు రోడ్డు అటూ ఇటూ చూశాడు. డబ్బులు నేనే ఇచ్చాను. ఆ ఇడ్లీల్లో పిండి కంటే రవ్వ ఎక్కువ, పల్లీ చట్నీ మాత్రం మనవాళ్ళకు చేతకాదు అని మొదటి వ్యాసంలో రాశాను. పక్కన కూర్చుని తిన్నదెవరో రాయలేదు.

పట్నం

నర్సింహగారి వాకిట్లో పందిరికి మధ్యలో ఆకాశం కనిపించేలా ఖాళీ వదిలారు. కొమురయ్య అందులో కూర్చుని వేళ్ళ సందుల్లోంచి పొడి జారవిడుస్తుంటే గీత తనంతట తానే నడుస్తున్నట్టు ఉంది. పక్కన ఇద్దరు డోలు కొడుతున్నారు. మల్లన్న గొర్రెలు కాసిన కథలో ఆడవాళ్ళు నవ్వారు, ఏడ్చారు. కథ మధ్యలో అల్లుళ్ళ మీద ఒక ఛలోక్తి వేసి నర్సింహగారి బావమరిదిని అందరిముందూ ఆటపట్టించాడు. ఫోన్లన్నీ గంపలో పడి మధ్యమధ్య మోగుతున్నాయి.

నేను పైన పిట్టగోడ దగ్గర ఉన్నాను. ఉదయం నుంచి ఒక్క ఫోటో తియ్యలేదు, సెల్లులు ఖర్చవుతాయని. మధ్యాహ్నం దాటాక పట్నం పూర్తయింది. పసుపు గడుల మీద ఎరుపు, ఎరుపు అంచున ఆకుపచ్చ, నాలుగు మూలలా నల్లటి త్రిశూలాలు. తలంబ్రాలు పడ్డాయి. కొమురయ్య లేచి నడుం పట్టుకుని నిలబడి నావైపు తలెత్తి చూశాడు. తియ్యమని.

నొక్కాను. కన్ను బయటికి వచ్చింది. కుయ్యిమంది. తెర చీకటి.

కొత్తవి మార్చాను. అదే. ఇంకో నాలుగు మార్చాను. అదే. డోళ్ళు ఆగాయి. వాకిట్లో ముఖాలన్నీ పైకి తిరిగాయి.

“ఏమయ్యింది సారు?” అని అడిగాడు సత్తయ్య. ఆయన నర్సింహగారికి చిన్నాయిన, అంటే బాబాయి. మైకులు, రంగు లైట్లు తెచ్చే కొత్త బృందాన్ని పిలుద్దామని ఆయన ముందు నుంచీ అంటున్నట్టు మా చెల్లెలు చెప్పింది.

“రావడం లేదండీ.”

“ఇంతసేపు మంచిగనే ఉండె గద?”

సందు చివర కిరాణా కొట్టు ఉంది. సెల్లులు తప్పు తెచ్చాను, ఎవరినైనా పంపి ఆల్కలైన్‌వి తెప్పించండి అంటే పావుగంటలో అయిపోయేది. కానీ ఫిజిక్స్ మేష్టారు, పత్రికల్లో రాసేవాడు, గోతం మీద గడియారం సెల్లులు కొని దేవుడి పెళ్ళికి వచ్చాడని చెల్లెలి ఇంటివాళ్ళ ముందు చెప్పుకోవాలి.

“ఇప్పటిదాకా బాగానే ఉందండీ” అన్నాను.

సత్తయ్య పట్నం వైపు తిరిగాడు. “స్వామి ఒద్దంటుండు” అన్నాడు. గొంతు పెంచలేదు. “కొమురయ్యా, ఉపాసమున్నవా?”

ముసలాయన నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఏమో కూడా లేదు, చెప్పేవాణ్ణి కాదు.

“గోలి ఏస్కోవాలెనని రెండు ఇడ్లీలు తిన్న” అన్నాడు.

“ఇంకేం. దొరికె గద” అన్నాడు సత్తయ్య.

ఒక పెద్దావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నర్సింహగారు “జర ఆగు చిన్నాయినా” అన్నాడు. అవసరమైతే గంపలోంచి ఒక ఫోన్ తీసి ఫోటో తియ్యొచ్చని ఎవరో కుర్రాడన్నాడు. స్వామి వద్దన్నదాన్ని మళ్ళీ తీస్తారా అని నలుగురు వాడి మీద పడ్డారు. పట్నం తొక్కారు. ఆ మాపటికి వేటకూర, బగారన్నం. మసాలా మన బిర్యానీ కంటే తక్కువ, రుచి ఎక్కువ అని రాశాను కదా, అది నిజమే. రెండుసార్లు వడ్డించుకున్నాను. కొమురయ్యకు విస్తరి దూరంగా వేశారు. ఆయన తినకుండానే లేచి వెళ్ళిపోయాడు.

బాటసింగారం

మర్నాడు పొద్దున హైవే మీద పోయే బస్సెక్కి బాటసింగారం వెళ్ళాను. కొమురయ్య కొడుకు మల్లేశం అక్కడి పండ్ల మార్కెట్‌లో బత్తాయిల బస్తాలు దించే పని చేస్తాడు. తండ్రి అతనితోనే ఉంటాడు. మార్కెట్ అంటే మన కూరగాయల బజారు అనుకోకండి. లారీల మధ్య నడవాలి. బత్తాయి, పుచ్చకాయ గుట్టలు పోసి వేలం పాట పాడుతుంటారు. కుళ్ళిన బత్తాయి వాసన బట్టలకు పట్టి తెనాలి దాకా నాతో వచ్చింది.

వాళ్ళది మార్కెట్ వెనక రేకుల గది. కొమురయ్య గడపలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి తూలాడు.

“నిన్న మాపటిసంది ఏం తింటలేడు సారు. గోలి గూడ ఏస్కోలే. తప్పు జరిగింది, ఒక్కపొద్దుండాలె అంటడు. జర మీరన్న చెప్పుండ్రి” అన్నాడు మల్లేశం.

నేను నిజం చెప్పాను. జేబులోంచి ఆ సెల్లులే తీసి చూపించాను. ఇవి గడియారానికి వేసేవి, కెమెరాకు చాలవు, అంతకు ముందు రోజు కూడా ఆగింది, దేవుడికీ మీ ఇడ్లీలకూ సంబంధం లేదన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు, పిల్లవాడు చెప్పే మాటలు విన్నట్టు.

“చూడండి, మీ కళ్ళముందే ఆగుతుంది” అని సెల్లులు వేసి ఆయన వైపు పెట్టి నొక్కాను.

ఫోటో వచ్చింది.

జింకు సెల్లును కాసేపు కదపకుండా ఉంచితే కొంచెం కోలుకుంటుంది. ఇదీ నల్లబల్ల మీద రాసిందే. ముందటి మధ్యాహ్నం నుంచి అవి ఊరికే ఉన్నాయి. మళ్ళీ నొక్కాను. మళ్ళీ వచ్చింది. ఇంకో రెండు తీస్తే ఆగిపోతుంది, ఆగాలి, మూడోసారి ఎత్తాను. కొమురయ్య చెయ్యి చాపి కెమెరా కన్ను మీద అరచెయ్యి పెట్టాడు.

“చాలు సారు. ఒప్పుకున్నప్పుడే ఆపాలె.”

“కాదండీ, నా మాట...”

“నిన్న తిని ఏసిన, ఒద్దన్నడు. ఇయ్యాల ఏం తినలే, ఒప్పుకుండు. మీ కండ్లతోని మీరే సూస్తిరి గద.” తెర మీద తన బొమ్మ చూసుకుని తృప్తిగా తలాడించాడు. “నా తప్పు మీ డబ్బా మీద ఏస్కుందామని ఇంత దూరమొచ్చిండ్రు. మీరు పెద్ద మనసున్నోళ్ళు.”

నేను అప్పుడే మార్కెట్ రోడ్డు మీదికి పోయి మంచి సెల్లులు తెచ్చి, రెండు రకాలూ వేసి చూపించవచ్చు. ఆయన్ని నర్సింహగారి దగ్గరికి తీసుకెళ్ళి ఆయన ముందు చెప్పవచ్చు. అసలు చెప్పాల్సింది నర్సింహగారికి, సత్తయ్యకు. ఆ మాటతో ఏమీ చేసుకోలేని మనిషి దగ్గరికే వెతుక్కుంటూ వచ్చి చెప్పాను. ఆయన నమ్మకపోయేసరికి నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది. చెప్పాను కదా, నమ్మకపోతే నేనేం చెయ్యను అనుకున్నాను. వెళ్ళేటప్పుడు మల్లేశం నా చేతిలో నాలుగు బత్తాయిలు పెట్టాడు. తండ్రిని ఒకటైనా తినమని బతిమాలాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఎల్బీనగర్‌కు తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక బత్తాయి ఒలుచుకుంటుంటే ఆ వాక్యం తట్టింది. మల్లన్న పట్నం ముందు నా కెమెరా కళ్ళు మూసుకుంది. బాగుందనిపించింది. ఎక్కడ మర్చిపోతానోనని రెండుసార్లు పైకి అనుకున్నాను.

మళ్ళీ ఎల్బీనగర్, విజయవాడ బస్సులు ఆగేచోట

ఆ సాయంత్రమే నా ప్రయాణం. ఆటో పిలుస్తానంటే ఒప్పుకోక నర్సింహగారే కారులో తీసుకొచ్చాడు. దారిలో కనిపించిన కాలనీలన్నీ ఒకప్పుడు ఎవరి చెలకో చెప్పుకుంటూ వచ్చాడు. బస్సులు ఆగేచోట రోడ్డు పక్కన కారాపి, ఇంజను ఆపేసి, దిగలేదు.

“సారు, ఒక్కటడుగుత, ఏమనుకోకుండ్రి” అన్నాడు. “చిన్నాయిన మాట మీదనే నేను పోత లేను. రాత్రంత నిద్ర పట్టలే. మీ కెమెరా ఇంతకుముందు ఎన్నడన్న గిట్ల బందయ్యిందా?”

బస్సు వస్తోందేమోనని నేను వెనక అద్దంలోంచి చూశాను.

“అయ్యిందంటె చెప్పుండ్రి. ముసలాయన్ని నేను ఇడిసిపెట్ట. మా తాత పట్నాలకు గాయన తండ్రే ఒచ్చిండు. చిన్నాయినకు ఏం చెప్పాల్నో గది నేను చూసుకుంట. మీ ఒక్క మాట చాలు.”

ఆయన నన్ను ఏ వివరమూ అడగలేదు. ఏ సెల్లులు, ఎక్కడ కొన్నారు అనలేదు. నా పరువు ఎక్కడా తగ్గకుండా తలుపు తెరిచి పట్టుకున్నాడు. అయ్యింది అంటే చాలు. ఆ మాట నాలుక మీదికి కూడా వచ్చింది. కానీ అది అన్న మరుక్షణం నా వాక్యం చచ్చిపోతుంది. ఇంటికి వెళ్ళాక రాయడానికి ఇడ్లీలూ, ఆటో బేరమూ తప్ప ఏమీ మిగలవు.

“ఎప్పుడూ లేదండీ” అన్నాను. “మొదటిసారి.”

“గట్లనా” అన్నాడు. ఫోన్ తీసి నా పక్కనే కూర్చుని మాట్లాడాడు. “చిన్నాయినా, ఒచ్చే ఏడుకు గా మైకులోళ్ళకే చెప్పు. ఆఁ, అడిగిన. ఎన్నడు కాలేదంట.”

బస్సు వచ్చింది. వద్దంటున్నా నా సంచి ఆయనే మోసి, లోపలిదాకా వచ్చి పైన సర్దాడు. బండారి, కొబ్బరిముక్కలు కట్టిన ప్రసాదం పొట్లం రెండు చేతులతో అందించాడు.

“మంచిగ రాయుండ్రి సారు” అని దిగిపోయాడు.

బాగానే రాశాను.